లగ్గం కానోని చేతి పుస్తెలు

మా నాయిన తుపాకులు చేస్తున్నడని పట్టుకపోయిన్రు. ఆయన జన్మల చేసిన వాటన్నిట్ల పదునైన ఆయుధం ముక్కుపుల్ల.

ఇది పోలీసు చర్య అయిపోయినంక సంగతి. నిజాం దిగిండు, రజాకార్లు పారిపోయిన్రు, ఇగ నిమ్మళమే అనుకుంటున్నప్పుడు మిలిటరీ వచ్చి మా ఊరి బడిల క్యాంపు పెట్టింది. దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్ల కోసం ఇల్లిల్లు వెతికిన్రు. మేం బంగారప్పని చేసే అవుసులోళ్లం, మా ఇంట్ల వాళ్లకు దొరికినవి ఒక కుంపటి, సుత్తెలు, పట్టకార్లు, ఒక సన్నటి ఇత్తడి ఊదుగొట్టం. కుంపట్ల నిప్పు మీదికి గాలి ఊది బంగారం అతికే గొట్టం అది. మూతి కాడ జర వంకర ఉంటది. ఒక జవాను దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, ఒక కన్ను మూసి, గొట్టంలకెల్లి మా అవ్వను చూసిండు. అవ్వ బెదురలే.

"పేల్చు బిడ్డా, పేల్చు. పొయ్యన్న మండుతది" అన్నది.

వాళ్లకు మన భాష రాదు, మాకు వాళ్ల భాష రాదు. అదొక్కటి మాకు కలిసొచ్చింది.

నాయినను నల్గొండ జైలుకు తోలిన్రు. ఊదుగొట్టాన్ని సబూతు కింద, సాక్ష్యమని, ఆయన ఎంబడే తీసుకపోయిన్రు. అవ్వ పొయ్యి కాడ వాడే ఇనుప ఊదుగొట్టాన్ని మాత్రం ముట్టలే. నిజం చెప్పాల్నంటే చూసేటందుకు అదే తుపాకి లెక్కుంటది.

ఇంట్ల నాయిన, నాయినను కన్న అవ్వ, నేను, ముగ్గురమే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయిన జైలుకు పోయినంక నేను, అవ్వ, ఆరిపోయిన కుంపటి మిగిలినం. కుంపటి అంతకు ముందు కూడ పెద్దగ మండింది లేదు. రజాకార్ల భయానికి ఊర్ల బంగారం ఉన్నోళ్లంత దాన్ని పాతిపెట్టుకున్నరు. సంఘం వచ్చి వెట్టి బందు పెట్టింది గనుక గడీల దొరసానికి ఉత్తపుణ్యానికి నగలు చేసిచ్చే బాధ మాకు తప్పింది. దాంతోని మాకున్న ఒకే ఒక్క గిరాకీ కూడ తప్పింది. బంగారమంత భూమి కింద, అవుసులోళ్లం భూమి మీద.

నా సంగతి ఇంకా విచిత్రం. చిన్నప్పటి సంది నాయిన పక్కన కూసోని పని నేర్చుకున్న. కమ్మల చీలలు, తెగిన గొలుసులు, పిల్లల మొలతాళ్లు, అన్నీ అతికేటోన్ని. కాని పుస్తెలు ముట్టనియ్యలే. మా కులంల పుస్తె చెయ్యనోడు అవుసులోడు కాదు, ఒట్టి అతుకులోడు. ఊర్ల లగ్గాలకు పుస్తెలు ఎవలు చేస్తే ఆ ఊరు వాళ్లది. ఇంకో ఊరి అవుసులోడు వచ్చి ముట్టొద్దు. ఊరివాళ్లే ఇంకొకన్ని పిలుచుకున్నరంటే మాత్రం, ఇగ ఆ ఊరు వాడిదే అయితది.

నాయిన ముట్టనియ్యకపోవుడుకు కారణం మా ఇంటి రివాజు. లగ్గం కానోడు పుస్తె చెయ్యొద్దు. తాళి గట్టనోని చేతిల తాళికి పస రాదట. సరే, లగ్గం చెయ్యమంటే, పుస్తె చేసుడు రానోనికి పిల్లనెవలిస్తరు అనేటోడు. తాళం ఇంట్ల ఉండె, తాళంచెవి కూడ ఇంట్లనే ఉండె, నేను మాత్రం బయట ఉంటి.

నాయిన జైల్ల ఉండంగనే కాపోళ్ల ఇంట్ల పిల్లకు మాఘమాసంల లగ్గం ఖాయమైంది. ఆ పిల్ల నాయనమ్మను ఊరంత పెద్దవ్వ అంటది. పెద్దవ్వ మా ఇంటికొచ్చి అరుగు మీద కూసోని, "మీ నాయిన ఎప్పుడొస్తడు?" అని అడిగింది. తెల్వదన్న. "పక్కూరి మీ దాయాదికి కబురంపాల్నా మరి?" అన్నది.

మా దాయాది నాయినకు తమ్ముని వరుస. నాయినను పట్టుకపోయిన తెల్లారే వచ్చి, నన్ను కావలిచ్చుకోని, "ఫికర్ జెయ్యకు కొడుకా, మీ ఊరు నేను చూస్కుంట" అన్నడు. కండ్లల్ల నీళ్లు గూడ పెట్టిండు. ఊరు మీది ప్రేమతోని ఏడ్చినోన్ని ఆయన్నొక్కన్నే చూసిన నేను.

ఈ లగ్గానికి ఆయన పుస్తెలు చేసిండంటే మా ఊరు పోయినట్టే. నేను జన్మంత మొలతాళ్లు అతుక్కుంట ఉండాలె. "నాయినను అడిగి చెప్త పెద్దవ్వ, జర ఆగు" అన్న.

క్యాంపుల పర్మిషన్ చిట్టి తీసుకోని, నకిరేకల్ దాక నడిచి, ఆడికెల్లి మోటరెక్కి నల్గొండ పోయిన. అవ్వ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు జైలు జవాను పరీక్ష చేసిండు. తొక్కును ఎక్కువసేపు చేసిండు. మిగిలింది నాయినకిచ్చిన. ఆయన బక్కగయిండనుకున్న గని, గడ్డం పెరిగి కొంచెం లావుగనే కనవడ్డడు.

"కాపోళ్ల పిల్ల లగ్గం నాయినా. పుస్తెలు నేను చేస్త."

"నీకు లగ్గమైందా?"

"నువ్వు చేస్తే అయ్యేది."

"పుస్తె చేసుడు రానోనికి పిల్లనెవడిస్తడురా?"

"చేస్తనంటే లగ్గమైందా అంటవు, లగ్గమంటే పుస్తె చేసినవా అంటవు. ఇదేం ఇన్సాఫ్ నాయినా?"

నాయిన వెనుక కూసోని రొట్టె తింటున్న ఒక సంఘమాయన తల ఎత్తిండు. "పుస్తెలెందుకు తమ్మీ? దండలు మార్చుకుంటే సరిపాయె. ఖర్చు లేదు, గిర్చు లేదు."

నాయినకు జైల్ల పడ్డనాడు గూడ అంత కోపం రాలేదనుకుంట. "నువ్వు నోరు మూస్కో. మీ మాటలు ఇన్నమని అనుకోనే నన్ను ఈడ ఏసిన్రు."

"ఇనకపోతివి గదనే అన్నా. ఇని ఉంటే అడవిల ఉంటుంటివి, గిట్ల దొరకకపోతుంటివి."

నేను మధ్యల దూరి, దాయాది సంగతి చెప్పిన. నాయిన ఊసలు పట్టుకున్నడు. "వాన్ని ఊర్లె అడుగు పెట్టనియ్యకు."

"మరి ఎవలు చెయ్యాలె?"

"నేనొచ్చి చేస్త."

"ఎప్పుడొస్తవు?"

నాయిన జవాను దిక్కు చూసిండు. జవాను వేలికంటిన తొక్కు నాకుకుంట ఇంటికప్పు దిక్కు చూసిండు.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పిన. అవ్వ బియ్యం చెరుగుతాంది. చేట ఆపలే.

"లగ్గమే గద కావాల్సింది. జిల్లేడుతోని చేస్త పా."

మా దిక్కు మూడో లగ్గం అచ్చిరాదంటరు. అందుకే రెండుసార్లు లగ్గమైనోడు మళ్ల చేసుకోవాల్నంటే, ముందుగాల జిల్లేడు చెట్టుకు తాళి గట్టి దాన్ని మూడో పెండ్లాం కింద లెక్క గడతరు. తర్వాత వచ్చే మనిషి నాలుగోదైతది, దోషం జిల్లేడు మీద పోతది. జిల్లేడును ఎవలూ అడిగింది లేదు.

మా కులంల లగ్గాలు చేసే అయ్యగారిని పిలిచినం. ఆయన సంగతంత ఇని, శానసేపు గడ్డం గోక్కున్నడు.

"జిల్లేడు మూడోది గదమ్మా. మరి మొదటి రెండేవి?"

"అయ్యా, వానికి ఒక్కటే దిక్కు లేదు" అన్నది అవ్వ. "ముందుగాల మూడోది చేసి పెట్టు. మొదటి రెండు నిమ్మళంగ చూసుకుంటం."

శాస్త్రంల వద్దని ఎక్కడా లేదని అయ్యగారు తేల్చిండు. చెయ్యాల్నని ఉన్నదా అంటే అది మేం అడగలే.

బండ్లబాట పక్కన, క్యాంపుకు ఇవతల, ఒక తెల్లజిల్లేడు ఉండె. సంబంధం దగ్గర్ల దొరికిందని అవ్వ సంబరపడ్డది. పొద్దుగాల తానం చేయించి, నొసట బొట్టు పెట్టి, నన్ను తీసుకపోయిన్రు. చెట్టుకు పసుపు పూసి, రవికె గుడ్డ చుట్టి, ఒక దారానికి పసుపుకొమ్ము గట్టి నా చేతికిచ్చిన్రు.

"అయ్యగారూ, జిల్లేడుకు పసుపుకొమ్ముతోనే లగ్గమైతుంటే, మనిషికి మాత్రం బంగారమెందుకు? పిల్ల మెడల గూడ ఇదే కట్టించరాదా, ఈ బాధంత తప్పుతది" అన్న.

"నోరు మూసుకోని ముడెయ్" అన్నది అవ్వ.

అప్పటికే బడి మీద కాపలా ఉన్న జవాను మమ్మల్ని చూసిండు. మనుషులు గుమిగూడితే వాళ్లకు అనుమానం. తుపాకి పట్టుకోని ఉరికొచ్చిండు. అయ్యగారు చెట్టు వెనుకకు జరిగిండు. నాకు వచ్చిన ఒకటి రెండు ఉర్దూ ముక్కలల్లకెల్లి "షాదీ" అన్న. "దుల్హన్?" అని, పెండ్లిపిల్ల ఏదని అడిగిండు. చూపిన. ఆయన జిల్లేడు దిక్కు కాసేపు, నా దిక్కు కాసేపు చూసిండు. తుపాకి భుజానికి తగిలించుకోని మెల్లగ వాపసు పోయిండు. ఇది ఆయుధాలు తయారుచేసే ఖాందాన్ కాదని ఆయన క్యాంపుల చెప్పి ఉంటడని, నాయినను తర్వాత ఇడిసింది అందుకేనని అవ్వ ఇప్పటికీ అంటది. జైల్ల జాగా సాలక ఇడిసిన్రని నేనంట.

సాయంత్రం పెద్దవ్వ కనవడ్డది. "నీకు లగ్గమైందట గద పిలగా?"

"అయింది పెద్దవ్వ."

"పిల్ల ఏ ఊరిది?"

"మన ఊరే. ముట్టుకుంటె చాలు, పాలిస్తది."

పెద్దవ్వ నవ్వలే. "రేపు పొద్దున బంగారం తెస్త" అన్నది.

తెచ్చింది. ఆమె మెడల ఒకప్పుడుండే బంగారు గుండ్ల పేరులకెల్లి కొన్ని గుండ్లు. రజాకార్ల నాడు పెంటకుప్పల పాతిపెట్టి, మొన్ననే తీసిన్రట. బంగారానికి వాసన ఉండదని చెప్పేటోళ్లు దాన్ని పెంటల పెట్టి చూడలేదన్నట్టు.

ఆమెకు పీట ఏసిన. అవుసులోడు కన్నతల్లి ముక్కుపుల్లల గూడ ఇంత గీకుతడని సామెత ఉండనే ఉంది. అందుకని పని అయ్యేదాక బంగారమున్నోళ్లు మా ఎదురుంగనే కూసుంటరు. మేం తప్పు పట్టం. పెద్దవ్వ కూసున్న తీరు చూస్తే, రెప్ప ఏసుడు గూడ నష్టమే అనుకున్నట్టుంది.

ఉపాసముండి, కుంపటికి దండం పెట్టుకోని మొదలుపెట్టిన. గుండ్లను మట్టి మూసల ఏసి, వెలిగారం చల్లి కరిగించిన. పోసిన ముద్దను రేకు లెక్క సాగగొట్టి, రెండు గుండ్రని బిళ్లలు కత్తిరించి, అచ్చుల పెట్టి గిన్నెల లెక్క గుంత తేలేటట్టు కొట్టిన. ఆకలితోని కడుపు పెద్దగ అరిచింది. "ఏందది?" అన్నది పెద్దవ్వ, బంగారం ఎటన్న పోతాందేమో అన్నట్టు.

ఇగ మిగిలింది కొండి. దారం దూర్చే ఆ చిన్న కొండిని బిళ్లకు అతుకుడే పుస్తెల పెద్ద పని. కొండి ఊడి పుస్తె కింద పడిందంటే ఇగ ఆ ఇంట్ల వచ్చే ప్రతి జ్వరానికి, ప్రతి లొల్లికి, సచ్చిన ప్రతి బర్రెకు దాన్ని చేసినోడే కారణం. మా సన్నటి ఊదుగొట్టం నల్గొండల నాయిన మీద సాక్ష్యం చెప్పుకుంట కూసున్నది గనుక, అవ్వ పొయ్యి గొట్టం కడిగి, దాని మూతికి రేకుతోని సన్నటి ముక్కు చేసి తొడిగిన.

మొదటి కొండి మంచిగ అతికింది. రెండోదాని కాడ తప్పింది. బంగారం కరుగబొయ్యే ముందు అద్దం లెక్క మెరుస్తది, ఆ మెరుపు చూడంగనే ఊదుడు ఆపాలె. నేను చూసిన. ఆపిన గూడ. అంత లావు గొట్టంల మిగిలిన గాలి ఆగలే. కొండి అతికింది గని, బిళ్ల అంచు ఒక పక్క బెల్లం లెక్క జారింది.

"ఏమైంది?" అన్నది పెద్దవ్వ.

"అంచు జారింది."

"మళ్ల కరిగియ్యి."

"కరిగియ్యరాదు పెద్దవ్వ. కొండి అతికినంక అది పుస్తె. లగ్గానికి ముందే పుస్తెను మూసల ఏసుడు మంచిది కాదు."

అవ్వ వంటింట్లకెల్లి తొంగి చూసింది. నాకు దాయాది మొఖం కనవడ్డది, కండ్లల్ల నీళ్లతోని, సంతోషంగ. ఆకురాయి తీసుకోని అంచు రాకిన. గుండ్రంగ వచ్చేదాక రాకిన. గుండ్రంగనే వచ్చింది గని, మొదటిదానికన్న జర చిన్నగయింది. రాలిన పొడిని పెద్దవ్వ వేలు తడిచేసుకోని, పీట కింద గూడ వదలకుంట, ఎత్తుకుంది.

"దీనికి సరిపోయేటట్టు పెద్దదాన్ని గూడ రాకనా?"

"దాన్ని ముట్టకు!" పెద్దవ్వ రెండిటిని అరచేతుల పెట్టుకోని చూసింది. "పుస్తెలల్ల ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. చిన్నది అత్తింటిది."

"వాళ్లు ఏమనరా?"

"వాళ్ల పుస్తెకు గూడ బంగారం మేమే పెడుతున్నం. ఏ నోటితోని అంటరు?"

చింతపండు పులుసుల ఉడికిచ్చి, కుంకుడుకాయతోని కడిగి, పసుపు పెట్టి ఇచ్చిన. పెద్దవ్వ కండ్లకద్దుకోని పోయింది.

లగ్గం అయింది. అందరు పిల్లను, పిలగాన్ని చూస్తుంటే నేను పుస్తెల కొండీల దిక్కు చూసుకుంట నిలబడ్డ. జవాన్లు వచ్చి గుమ్మం కాడ నిలబడి, ఎవరన్న సంఘపోళ్లున్నరా అని చూసి, బూరెలు తిని పోయిన్రు. పిల్లను అత్తగారింటికి సాగదోలిన్రు. పక్కూర్లకెల్లి దాయాది మాట మాత్రం మా దాక వచ్చింది. "జిల్లేడు మొగడు చేసిన పుస్తె. చూద్దం, ఎన్నాళ్లుంటదో."

లగ్గమైన కొన్నాళ్లకే క్యాంపు లారీ ఒకటి బండ్లబాట తప్పి నా పెండ్లాం మీదికెల్లి పోయింది. చూడబోతే తెల్లటి పాలు, రవికె గుడ్డ ముక్క, టైరు గీతలు ఉన్నయి. ఇంటికొచ్చి చెప్పిన.

"ఎవలకు చెప్పకు" అన్నది అవ్వ. "లగ్గమైన ఏడు తిరగకముందే పెండ్లాం సచ్చినోడు గూడ పుస్తె ముట్టొద్దంటరు."

"ఏడ్వాల్నా మరి?"

"మైలపడ్డవు. తానం చెయ్యిపో."

చేసిన. ఎండకాలం మొదలైంది గనుక మంచిగనే అనిపిచ్చింది.

నాయినను ఎండలు ముదరక ముందు ఇడిసిన్రు. ఎందుకు పట్టుకున్నరో చెప్పలే, ఎందుకు ఇడిసిన్రో చెప్పలే. ఊదుగొట్టం మాత్రం ఇయ్యలే, దాని విచారణ ఇంకా కాలేదట. సంగతి తొవ్వలనే ఇన్నడట, ఇంట్లకొచ్చి కాళ్లు కడుక్కోని, "కోడలేది?" అన్నడు. టైరు గీతలు చూపిన. వాటి దిక్కు చూసి, "మంచి పిల్లనే" అన్నడు.

పుస్తెల సంగతి మాత్రం ఎత్తలే. మంచిగ చేసినవనలే, ఎందుకు చేసినవనలే. కుంపటి ముంగట తన జాగాల తను కూసున్నడు, నాకు పాత జాగాలనే ఒక తెగిన గొలుసు పడేసిండు. ఆయన చూడనిదే ఏమీ అనడు. చూద్దమంటే పుస్తెలు పిల్ల మెడల, పిల్ల అత్తగారింట్ల. కట్టిన పుస్తెను తీసి చూపిచ్చేది కాదు. పరీక్ష రాసిన గని, దిద్దేటాయన చేతికి కాయితం పోయే తొవ్వే లేకుండె.

పిల్ల పుట్టింటికి వచ్చిందని తెలిసిన పొద్దు, నాయిన కండువా ఏసుకున్నడు. "మజ్జిగ తాగొస్తం పా" అన్నడు. మా ఇంట్ల మజ్జిగ ఉంది. చెప్పులు తొడుక్కోని ఎంబడి నడిచిన.

కాపోళ్ల వాకిట్ల మంచంల కూసోని మజ్జిగ తాగిండు. పిల్ల పక్కకెల్లి పోతుంటే మెడ దిక్కు చూసిండు. పిల్ల కొంగు కప్పుకుంది. మళ్ల వచ్చింది, మళ్ల చూసిండు.

"ఏందయ్యా అవుసులి, పిల్ల మెడల ఏమన్న పోగొట్టుకున్నవా?" అన్నది పెద్దవ్వ.

"నా కొడుకు చేతిపని ఉంది అక్కా. చూడకుంటె నాకు బువ్వ పోతలేదు."

అది అబద్ధం. పొద్దున జొన్నగటక రెండుసార్లు ఏసుకున్నడు.

పెద్దవ్వ పిల్లను పిలిచింది. పిల్ల సిగ్గుపడుకుంటనే వచ్చి, తాడు మెడల ఉండంగనే, పుస్తెలను అరచేతుల పెట్టి ముందుకు చాపింది. నాయిన వంగి, ముట్టీ ముట్టనట్టు గోరుతోని కొండిని పట్టుకోని గుంజిండు.

"గుంజకు!" అన్నం నేను, పిల్ల, పెద్దవ్వ.

ఆయన మళ్ల గుంజిండు. రెండోదాన్ని గూడ గుంజిండు. రెండూ నిలిచినయి. నేను చేతులున్న మజ్జిగ చెంబు ఒక్క గుక్కల తాగేసిన.

"ఇది చిన్నగెందుకుంది?" అన్నడు నాయిన.

నేను నోరు తెరిచిన. పెద్దవ్వ అందుకుంది. "అది అత్తగారోళ్లది. నేనే చిన్నగ చెయ్యమన్న. నీకేమన్న అడ్డమా?"

నాయిన ఆమె దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. అంచు మీద గోరు ఒకసారి నడిపిండు. "లేదు" అన్నడు.

వాపసు వచ్చేటప్పుడు బాట మీద, తన చెప్పుల దిక్కు చూసుకుంట, "అతుకు కనవడుతలేదు" అన్నడు.

ఇంకో పది అడుగులు ఏసినంక మళ్ల అన్నడు.

"రేపటి సంది కుంపటి ముంగట నువ్వు కూసో. నేను పక్కకు జరుగుత."

కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కుంపటి పొగ అని చెప్దమంటే మేం నట్టనడి బాట మీదున్నం.

తెల్లారి తానం చేసి, నాయిన జాగాల కూసున్న. నాయిన పక్కన కూసోని బొగ్గులు సర్దిండు. పొద్దెక్కుతుంటే వాడకట్టామె ఒకామె చంకల పిలగానితోని వచ్చింది.

"పిన్నీ, ఇగ ఊర్ల లగ్గాలకు పుస్తెలు చేసేది నేనే" అని చెప్పిన.

"మంచిదే కొడుకా. ముందుగాల వీని మొలతాడు అతుకు, గోచి నిలుస్తలేదు" అన్నది.

అతికిన. ఆ ఎండకాలం మా ఊర్ల ఇంకొక్క లగ్గం గాలే.